పెద్దమ్మ చెప్పిన 115: పాకం మరిగే వేడి మీద నా డైరీ

డిసెంబరు 6

పోయిన సంక్రాంతికి మా అరిసెలు గట్టిపడ్డాయి. అమ్మకి చూపు తగ్గింది. అందుకని ఏళ్ళ తరబడి తన చేతిలో ఉన్న పాకం పట్టే పని ఆ పండక్కే మొదటిసారి నాకు అప్పజెప్పింది. అరిసెలు అలా అయినందుకు తనేమీ అనలేదు. పాలల్లో నానబెట్టుకుని తింది. ఆ పాల గిన్నె నాకు ఏడాదంతా గుర్తుంది.

నిజానికి నేను అంచనాతో దించలేదు. అనకాపల్లి దగ్గర పల్లెలో మా పెద్దమ్మ పాకం పడుతుంటే అన్నయ్య అందులో కడ్డీ థర్మామీటరు ముంచి చూసి, "115 దగ్గర దించిందే" అని ఫోన్ చేశాడు. నేనూ హైదరాబాదులో అదే రకం థర్మామీటరుతో, పెద్దమ్మ పంపిన బెల్లంతోనే, సరిగ్గా 115 దగ్గరే దించాను. అక్కడ మెత్తగా వచ్చాయి, ఇక్కడ గట్టిగా. ఈ తేడా ఎక్కణ్ణించి వచ్చిందో ఈ పండగలోపు తేల్చుకోవాలని ఈ డైరీ మొదలుపెట్టాను.

ముందు థర్మామీటరునే పరీక్షించాను. దంచిన ఐసుముక్కల్లో కొంచెం నీళ్ళు పోసి, కలిపి, అందులో పెడితే 0.1 చూపించింది. తర్వాత మంచినీళ్ళు మరిగించాను. గిన్నె అడుగుకి కడ్డీ ఆనితే 99.6. అడుగు నుంచి రెండు వేళ్ళు పైకెత్తి నీళ్ళ మధ్యలో పట్టుకుంటే 98.2. మంట పెంచినా 98.2, తగ్గించినా 98.2. నీళ్ళు కళపెళా మరుగుతున్నాయి గానీ అంకె మాత్రం 100కి చేరలేదు.

ఇది థర్మామీటరు తప్పు కాదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. మేముండే చోటు సుమారు 540. నీటి ఆవిరి పీడనం పైనున్న గాలి పీడనంతో సమానమైనప్పుడు నీళ్ళు మరుగుతాయి. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, మరిగే వేడీ తగ్గుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ అనుకోవచ్చు. సెల్సియస్ 1742లో తన కొలమానాన్ని ప్రతిపాదించిన రోజుల్లోనే, నీళ్ళు మరిగే వేడి గాలి పీడనాన్ని బట్టి మారుతుందని గమనించాడు. బళ్ళో మనకి "నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది" అన్న సగం వాక్యమే మిగిలింది.

అయితే 115లోంచి ఆ తేడా తీసేస్తే సరిపోతుందా? అలా అనుకోవడానికి ఇంకా తొందర. పాకం ఎందుకు 115 దాకా వెళ్తుందో తెలియకుండా అందులోంచి ఏది తీసెయ్యాలో ఎలా తెలుస్తుంది?

డిసెంబరు 7

ఉప్పుతో మొదలుపెట్టాను. చవక, పైగా మాడదు. ప్యాకెట్ ఉప్పు వేస్తే నీళ్ళు కాస్త తెల్లబడ్డాయి. ఉండకట్టకుండా కలిపే పదార్థం వల్ల అది. అందుకని కల్లుప్పు తీసుకుని ఎండబెట్టి తూచాను. లీటరు నీళ్ళు, 58 గ్రాముల ఉప్పు.

మరుగుతున్న నీళ్ళలో ఉప్పు పోయగానే బుస్సుమని పొంగింది. "చూశావా, ఉప్పు వేస్తే ఎంత తొందరగా మరుగుతుందో" అంది అమ్మ. మా ఇంట్లోనే కాదు, చాలామంది అలాగే నమ్ముతారు. ఆ పొంగు వేరు. ఉప్పు పలుకుల గరుకు అంచుల్లో, వాటిని అంటుకుని ఉన్న గాలి చుట్టూ బుడగలు పుట్టడానికి చోటు దొరుకుతుంది. అప్పటికే మరిగే వేడిలో ఉన్న నీళ్ళు ఆ చోట్లలో ఒక్కసారిగా బుడగలౌతాయి. క్షణంలో అది అణిగి, మరగడమే ఆగిపోయింది. మళ్ళీ మరగడం మొదలయ్యేసరికి థర్మామీటరు 99.2 చూపించింది. సరిగ్గా ఒక డిగ్రీ ఎక్కువ.

ఇంకో 58 గ్రాములు వేస్తే 100.3. మొత్తం 234 గ్రాములకి 102.6. ఇక కరగనని ఉప్పు అడుగున కూర్చునేదాకా వేస్తూ పోతే 106.6. మంచినీళ్ళకంటే ఎనిమిది డిగ్రీలకు పైనే.

మధ్యలో ఒక పొరపాటు చేశాను. చెయ్యి కాలుతోందని కడ్డీని నీళ్ళలోంచి తీసి ఆవిరిలో వేలాడదీశాను. అంకె జారుకుంటూ వచ్చి 98 దగ్గర నిలబడింది. ఉప్పంతా ఏమైందా అని కంగారుపడ్డాను. ఆలోచిస్తే అర్థమైంది. ఉప్పునీళ్ళలోంచి పైకి లేచేది ఉప్పు లేని నీరే. అది కడ్డీ మీద చల్లబడి మంచినీటి పొరలా కట్టుకుంటుంది. థర్మామీటరు కొలిచింది ఆ పొరని. కాబట్టి పాకమైనా ఉప్పునీళ్ళైనా, కడ్డీ మొన ద్రవంలో మునిగే ఉండాలి, అడుగుకి మాత్రం ఆనకూడదు. ఈ రెండు మాటలూ వంటింటి గోడ మీద రాసిపెట్టాను.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. గంటసేపు మరిగిస్తూ ఉంటే, ఏమీ వెయ్యకుండానే అంకె మెల్లగా పైకి పాకుతోంది. నీళ్ళు ఆవిరై పోతున్నాయి, ఉప్పు మిగులుతోంది. ద్రావణం దానంతటదే చిక్కబడుతోంది. అప్పుడు విసుక్కుని వేడినీళ్ళు పోసి సరిచేశాను. నా ప్రశ్నకి జవాబు ఆ పాకడంలోనే ఉందని రాత్రి పడుకున్నాక తట్టింది.

ఇంకొక్క లెక్క. మనం కూరలోనో పప్పులోనో వేసే ఉప్పు లీటరుకి ఓ చెంచా, అంటే ఐదారు గ్రాములు. దానివల్ల పెరిగేది డిగ్రీలో పదోవంతు. ఉప్పు వేశాం కాబట్టి నీళ్ళు వేడెక్కి పప్పు తొందరగా ఉడుకుతుందన్న మాటకి ఈ అంకె చాలదు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకకపోవడానికి కారణం పులుపు, మరిగే వేడి కాదు.

డిసెంబరు 13

రెండు రోజులుగా ముసురు. మంచినీళ్ళ అంకె ఇవాళ 98.0. గాలి పీడనం తగ్గింది. అంటే ఒకే ఊళ్ళో కూడా రోజుకో అంకె. ఇకనించి ప్రతి పనికీ ముందు మంచినీళ్ళు మరిగించి, ఆ రోజు అంకె రాసుకుని, దానికంటే ఎంత పెరిగిందన్నదే చూడాలి. నా చవక థర్మామీటరులో చిన్న తప్పేదైనా ఉంటే దాని బెడద కూడా ఈ తీసివేతలో చాలావరకు పోతుంది.

ఇవాళ పంచదార. ఎదురింటి అమ్మాయి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, తోడు వచ్చింది. లీటరు నీళ్ళలో 342 గ్రాముల పంచదార వేశాం. ఉప్పుకంటే ఆరు రెట్లు బరువు. పెరిగింది మాత్రం అర డిగ్రీ. మొన్న 58 గ్రాముల ఉప్పుకి ఒక డిగ్రీ పెరిగింది కదా!

"ఆంటీ, ఇది కణాధార ధర్మం. ఎంత బరువు వేశామన్నది కాదు, ఎన్ని కణాలు పడ్డాయన్నదే లెక్క," అంది ఆ అమ్మాయి. 342 గ్రాముల పంచదారలోనూ, 58 గ్రాముల ఉప్పులోనూ ఒక్కో మోల్ ఉంటుందట. మోల్ అంటే కణాల్ని లెక్కపెట్టడానికి వాడే ఒక పెద్ద సంఖ్య, డజను లాగా. లీటరు నీళ్ళలో ఒక మోల్ కణాలు కలిస్తే మరిగే వేడి 0.51 డిగ్రీ పెరుగుతుంది. పంచదార నీళ్ళలో పంచదారగానే ఉంటుంది. ఉప్పు మాత్రం సోడియం ఒకటి, క్లోరైడ్ ఒకటి, రెండుగా విడిపోతుంది. అందుకే రెట్టింపు. లవణాలు నీళ్ళలో కలిస్తేనే విద్యుదావేశం ఉన్న కణాలుగా విడిపోతాయని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1880లలో అన్నప్పుడు పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. అలాంటి వాదనలో ఇలా మరిగించి, గడ్డకట్టించి చూసిన కొలతలు సాక్ష్యంగా నిలబడ్డాయి. ఫ్రాన్సులో రౌల్ట్ అనే ఆయన ఏళ్ళకేళ్ళు ఈ కొలతల మీదే కూర్చున్నాడు. వాటి వెనక సిద్ధాంతం కట్టిన వాంట్ హాఫ్‌కి 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ వచ్చింది. ఆ లెక్క నా స్టవ్ మీద రెండు గిన్నెల్లో తేలడం చూసి ఒళ్ళు జలదరించింది.

నా అనుమానం ఒకటి ఆ అమ్మాయిని అడిగాను. కరిగిన పదార్థం నీటి పైభాగాన్ని మూతలా అడ్డుకుంటుంది, అందుకే ఆవిరి తగ్గుతుందని నేనెక్కడో చదివాను. అదే నిజమైతే పెద్ద కణమైన పంచదార ఎక్కువ అడ్డుపడాలి, చిన్న ఉప్పు తక్కువ అడ్డుపడాలి. అలా జరగలేదు. పరిమాణంతో పని లేదు, సంఖ్యతోనే పని. ఇద్దరం కలిసి చేరిన మాట ఇది: నీళ్ళలో వేరే కణాలు కలిసిపోయాక, నీటికి ద్రవంగా ఉండిపోవడమే మునుపటికంటే అనుకూలం. ఆవిరిగా బయటికి వెళ్ళే మొగ్గు తగ్గుతుంది. గాలి ఒత్తిడిని అందుకోవాలంటే ఇంకొంచెం వేడి కావాలి.

డిసెంబరు 20

ఇవాళ్టి పని మీద నాకు గట్టి నమ్మకం ఉండింది, అలాగే జరిగింది.

మొన్న విసుక్కున్న ఆ పాకడాన్నే ఇవాళ కొలతగా వాడాను. అర కిలో పంచదార, పావు కిలో నీళ్ళు. మూకుడు బరువు ముందే తూచి పెట్టుకున్నాను. పక్కన తూనిక మీద చెక్క పలక. మధ్యమధ్యలో మూకుడు దించి, తూచి, మళ్ళీ పొయ్యి మీద పెట్టడం. పంచదార ఎక్కడికీ పోదు, తగ్గిన బరువంతా నీళ్ళదే. కాబట్టి ఏ క్షణానికైనా పాకంలో ఎంత నీరు మిగిలిందో నాకు తెలుస్తుంది. మంచినీళ్ళ అంకె 98.2.

మొదట, 750 గ్రాముల దగ్గర, 102.7. జిగురు కూడా సరిగా రాలేదు. అక్కణ్ణించి నిదానంగా ఎక్కుతూ 625 గ్రాములకి 109.8. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగింది. పాకంలో ఐదోవంతే నీళ్ళు. 588 గ్రాములకి 113.8. చల్లటి నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ. 555కి 121, ఉండ గట్టిగా. 526కి 137 దాటింది, నీళ్ళలో వేసిన చుక్క టక్కున విరిగింది. అంటే పల్లీ అచ్చుల పాకం.

ఈ అంకెల్ని కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. మొదట్లో 125 గ్రాముల నీళ్ళు పోతేగానీ ఏడు డిగ్రీలు పెరగలేదు. తీగ నుంచి మెత్తని ఉండకి 37 గ్రాములకి నాలుగు. చివర్లో 29 గ్రాములు పోతే పదహారు! ఉన్న కొద్ది నీళ్ళలో కొంచెం పోయినా, కణాల పాలు అమాంతం పెరిగిపోతుంది. ఇంత చిక్కటి పాకానికి మోల్‌కి అర డిగ్రీ లెక్క కూడా చాలదు, అసలు పెరుగుదల దాన్ని దాటిపోతుంది. "పాకం దగ్గర ఫోన్ ఎత్తకే" అని అమ్మ ఎందుకంటుందో ఈ వరస చూస్తే తెలుస్తుంది. తీగ పాకం దాకా మనకి వ్యవధి ఉంటుంది. అది దాటాక పాకం మన కోసం ఆగదు.

తూకం రాసుకునేలోపు రెండుసార్లు అంకె మారిపోయింది. అందుకని చివరి రెండు తూకాలకీ ఒకటి రెండు డిగ్రీల తేడా ఉండొచ్చు.

ఒక జాగ్రత్త రాసి తీరాలి. మరిగే నీళ్ళు ఒంటి మీద పడితే జారిపోతాయి. 120 డిగ్రీల పాకం అతుక్కుని అక్కడే ఉండి కాలుస్తుంది. పిల్లల్ని ఈ ప్రయోగం దగ్గరికి రానివ్వకండి. ఎదురింటి అమ్మాయిని కూడా ఇవాళ గుమ్మం అవతలే కూర్చోబెట్టి అంకెలు రాయించాను.

అసలు తేలింది ఏమిటంటే, పాకం వేడి అనే అంకె నిజానికి నీళ్ళ కొలత. మంచినీళ్ళ అంకెకంటే పాకం ఎంత పైన ఉందో చూస్తే, అందులో నీళ్ళు ఎంత మిగిలాయో చెప్పొచ్చు. నేను దించాల్సింది ఒక వేడి దగ్గర కాదు, ఒక చిక్కదనం దగ్గర. గట్టి మంట మీద తొందరగా చేరినా, సన్నమంట మీద మెల్లగా చేరినా అదే చిక్కదనం, అదే అంకె.

జనవరి 3

అనకాపల్లి. పెద్దమ్మ వాళ్ళింట్లో దిగగానే సంచి కూడా విప్పకుండా మంచినీళ్ళు మరిగించాను. 99.8! పెద్దమ్మ నవ్వి, "కాఫీ పెట్టుకుంటావేమో అనుకున్నానే తల్లీ," అంది.

పెద్దమ్మ 115 అంటే, ఆ ఊరి మంచినీళ్ళకంటే 15.2 ఎక్కువ. అదే చిక్కదనం హైదరాబాదులో 98.2కి 15.2 కలిపితే 113.4. నేను 115 దాకా ఉంచాను. ఒక డిగ్రీ ఆరు పదోవంతులు ఎక్కువ. ఆ కాస్తకే పాకంలో మిగిలిన నీళ్ళు బాగా తగ్గిపోతాయి.

మర్నాడు పొద్దున్నే బెల్లం వండే చోటికి వెళ్ళాం. ఇక్కడి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. చెరకు చుట్టుపక్కల పల్లెల్లోనే ఆడి, వండుతారు. ఆరబెట్టిన పిప్పే పొయ్యికి కట్టె. ఆడిన రసం పెద్ద పెనంలో పోసి, సున్నం వేసి, తేలిన మడ్డిని తీస్తూ ఉన్నారు. పచ్చి రసంలో చక్కెర ఐదోవంతు కూడా ఉండదు. మరుగుతున్న రసంలో పొడవాటి కర్రకి కట్టిన కడ్డీ ముంచితే 100.2. చాలాసేపు 100, 101 దగ్గరే. ఆ సమయమంతా నీళ్ళు పోవడమే పని. ఎంత పిప్పి మండాలో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది. 104 దాటాక రంగు మారింది, బుడగలు పెద్దవై, చప్పుడు బరువెక్కింది. చివరి పది డిగ్రీలూ నేను రాసుకునేంతలో గడిచిపోయాయి.

వండే పెద్దాయన తెడ్డుతో ఇంత పాకం తీసి చెంబులో నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చుట్టి, వేలితో నొక్కి చూశాడు. "దించండి" అన్నాడు. నా చేతిలో 117. తర్వాతి పెనానికి కూడా ఆయన నా అంకె అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయన దించమన్నప్పుడు చూస్తే 116.7. ముప్ఫయ్యేళ్ళుగా ఆ చెయ్యి చేస్తున్నది చిక్కదనాన్ని నేరుగా తడిమి చూడడం. గాలి పీడనం ఎంతైనా చెంబులో ఉండ ఉండే. ఆయన్ని కొండ మీదికి తీసుకెళ్ళినా ఆ పరీక్షకి సవరణ అక్కర్లేదు, నా థర్మామీటరుకి కావాలి. పెద్దమ్మ పరీక్షా అదే. ఫోన్లో అంకెకి బదులు ఆ ఉండ ఎలా ఉండాలో అడిగి ఉంటే పోయినేడు నా అరిసెలు మెత్తగా వచ్చేవి.

తిరుగుదారిలో విశాఖలో ఆగి బీచ్‌లో ఓ సీసా సముద్రపు నీళ్ళు పట్టాను. చుట్టాలింట్లో మరిగిస్తే మంచినీళ్ళకంటే అర డిగ్రీ ఎక్కువ. అంత సముద్రానికీ అర డిగ్రీయే.

జనవరి 10

ఇంట్లో చివరి పరీక్ష. ఊరు మారితే మారింది గాలి ఒక్కటేనా, బెల్లం కూడానా అన్న సందేహం ఉంచుకోదలచలేదు. ఒకే దిమ్మ బెల్లం. కరిగించి, ఇసుక వడకట్టి, రెండు సమానమైన పాళ్ళు. రాత్రంతా నానిన బియ్యం దంచిన ఒకే తడి పిండి. మంచినీళ్ళు 98.1.

మొదటి పాకం 113.3 దగ్గర దించాను. చెంబులో వేస్తే చేతికి దొరికే మెత్తటి ఉండ. రెండోది కావాలని 115 దాకా. దాని ఉండ వేలికి ఎదురు తిరిగింది. రెంటిలోనూ పిండి పోసి చలిమిడి కలిపాం. మొదటిది అరచేతిలో వత్తితే ఒదిగింది. రెండోది అంచుల్లో పగిలింది, నెయ్యి రాసి వత్తాల్సి వచ్చింది. వేగాక, చెక్కల మధ్య నూనె నొక్కాక, రెండు రకాలూ చూపుకి ఒక్కలాగే ఉన్నాయి. వేడి మీద తిన్నా తేడా పెద్దగా లేదు. అందుకని వేరువేరు డబ్బాల్లో పెట్టి గుర్తు రాశాను.

ఈ ఒక్కసారి చూసిందాన్నే పంచదారకి కూడా అంటగట్టను. బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు, లవణాలు ఉంటాయి. గ్లూకోజు కణం బరువు పంచదార కణంలో సగం. అంటే అదే బరువుకి కణాలెక్కువ, అదే తడికి అంకె ఎక్కువ. బెల్లం పాకం అంకె బెల్లానికే, పంచదార అంకె పంచదారకే. ఏడాదికో రకం బెల్లం వస్తుంది కాబట్టి దిమ్మ మారినప్పుడల్లా ఒకసారి ఉండతో సరిచూసుకోవాలి.

జనవరి 12

రెండు రోజులు ఆగి డబ్బాలు తీశాను. 115 డబ్బాలోది విరిచితే టక్ మంది. 113.3 డబ్బాలోది వంగి, మెల్లగా తెగింది. ఏది ఏదో చెప్పకుండా అమ్మకి రెండూ ఇచ్చాను. 115 డబ్బాలోది కొరికి పక్కన పెట్టింది. 113.3 డబ్బాలోది తింటూ, "ఇది పెద్దక్క చేసినట్టుందే, అనకాపల్లి నుంచి తెచ్చావా?" అంది.

రేపు పండగ పాకం, నాలుగు కిలోల బియ్యానికి. పొద్దున్నే ముందు మంచినీళ్ళు మరిగించి, ఆ అంకెకి 15.2 కలుపుతాను. అమ్మ స్టూలు, చెంబు పొయ్యి పక్కనే వేశాను. అంకె 112 దాటగానే నేను చెప్తాను, ఉండ పట్టి చూసి దించమనేది అమ్మ.

జనవరి 13

మంచినీళ్ళు 98.3. అమ్మ దించమంది 113.4 దగ్గర.